ఒకడు పోతే ఇంకొకడు: బేస్‌బాల్‌లో ఈ మాట ఎంతవరకు నిజం?

1912 మే 18, ఫిలడెల్ఫియా. డెట్రాయిట్ టైగర్స్ ఆటగాళ్ళు మైదానంలోకి వచ్చారు. వాళ్ళతోపాటు టై కాబ్ కూడా వచ్చాడు. ఆ రోజుల్లో అతన్ని మించిన బ్యాటర్ లేడు. నీ మీద సస్పెన్షన్ ఉంది, ఆడటానికి లేదని అంపైర్లు అతన్ని పంపించేశారు. కాబ్ వెనకాలే జట్టు మొత్తం లోపలికి వెళ్ళి యూనిఫామ్‌లు విప్పేసింది.

గొడవ మూడు రోజుల కిందటిది. న్యూయార్క్‌లో ఆట జరుగుతుండగా ఒక ప్రేక్షకుడు అదేపనిగా తిడుతున్నాడని కాబ్ స్టాండ్స్‌లోకి ఎక్కి అతన్ని చితకబాదాడు. దెబ్బలు తిన్న మనిషికి ఒక చెయ్యి లేదు, రెండో చేతికి మూడు వేళ్ళు లేవు. లీగ్ ప్రెసిడెంట్ బాన్ జాన్సన్ కాబ్‌ని సస్పెండ్ చేశాడు. నిజానికి కాబ్ అంటే జట్టులో చాలామందికి పడదు. అయినా, విచారణ కూడా లేకుండా మనవాణ్ణి ఎలా ఆపుతారు, అతను లేకపోతే మేమూ ఆడం అని అందరూ ఒక్క మాట మీద నిలబడ్డారు.

ఆడకపోతే జట్టు యజమానికి 5,000 డాలర్ల జరిమానా. అందుకని మేనేజర్ హ్యూయీ జెన్నింగ్స్ ముందే ఊళ్ళో కుర్రాళ్ళని పోగుచేసి పెట్టుకున్నాడు. పిచ్చర్‌గా, అంటే మన బౌలర్ లాంటి స్థానంలో, అలన్ ట్రావర్స్ అనే కాలేజీ కుర్రాడు దిగాడు. తన కాలేజీ జట్టులోనే చోటు దొరకనివాడు! తక్కువైన చోట ఇద్దరు కోచ్‌లు దిగారు, అందులో ఒకాయన వయసు 48. అవతల ఉన్నదేమో అంతకుముందు రెండేళ్ళూ వరసగా ఛాంపియన్లయిన అథ్లెటిక్స్. స్కోరు 24-2. ట్రావర్స్ ఎనిమిది ఇన్నింగ్సూ (ఇక్కడ ఇన్నింగ్ అంటే మూడు అవుట్లయ్యేదాకా ఆడే ఒక వంతు) తనే వేసి, 24 పరుగులూ తనే ఇచ్చాడు. ఒక్క ఆటలో ఒకే పిచ్చర్ అన్ని పరుగులు ఇవ్వడం మేజర్ లీగ్‌లో ఒక భాగమైన అమెరికన్ లీగ్‌లో ఇప్పటికీ రికార్డే. తర్వాతి కాలంలో ఆయన కాథలిక్ ప్రీస్టు అయ్యాడు.

ఆ గుంపులోనే ఎడ్ అర్విన్ అని ఒకతను ఉన్నాడు. మూడుసార్లు బ్యాటింగ్‌కి వచ్చి రెండు ట్రిపుల్స్, అంటే కొట్టినవాణ్ణి మూడో బేస్ దాకా చేర్చే దెబ్బలు, కొట్టాడు. అన్నిటికన్నా పై స్థాయి అయిన మేజర్ లీగ్‌లో మళ్ళీ ఎప్పుడూ ఆడలేదు. అందుకే రికార్డుల్లో అతని కెరీర్ సగటు .667, అంటే మూడింట రెండుసార్లు హిట్టే. అంత సగటు కాబ్ కలలో కూడా చూసి ఉండడు.

ప్రొఫెషనల్ ఆటగాళ్ళ బదులు ఇంకెవర్నైనా పెట్టుకోవచ్చా అన్న ప్రశ్నకి జవాబు మొత్తం ఆ ఒక్క మధ్యాహ్నంలోనే ఉందనిపిస్తుంది నాకు. అర్విన్ని చూస్తే పెట్టుకోవచ్చు. ట్రావర్స్‌ని చూస్తే కుదరదు. ఈ రెండూ ఒకే ఆటలో ఎలా నిజమయ్యాయన్నదే తేల్చుకోవాల్సిన సంగతి.

మన ఐటీ ఆఫీసుల్లో మనిషిని రిసోర్స్ అంటారు. ఒకరు పేపర్ వేస్తే వాళ్ళ జాగాలో ఇంకొకర్ని తెచ్చుకోవడాన్ని బ్యాక్‌ఫిల్ అంటారు. వెళ్ళినవాళ్ళ విలువ ఎంత, వచ్చినవాళ్ళ విలువ ఎంత అని ఎవరూ కాగితం మీద లెక్క కట్టరు. బేస్‌బాల్ వాళ్ళు కట్టారు. ఇంకే ఆటలోనూ ఈ లెక్క ఇంత లోతుకి వెళ్ళలేదు. దాని పేరు వార్. యుద్ధానికీ దీనికీ సంబంధం లేదు. 'విన్స్ అబవ్ రీప్లేస్‌మెంట్' అన్న మూడు ముక్కల మొదటి అక్షరాలు. ఈ ఆటగాడు లేకుండా అతని చోట చవకగా దొరికే ఇంకొకడు ఉండి ఉంటే, జట్టు ఎన్ని ఆటలు తక్కువ గెలిచేది అన్నది ఆ అంకె.

ఇందులో చాలామంది పొరబడే చోటు ఒకటుంది. పోలిక సగటు ఆటగాడితో కాదు. సగటు ఆటగాడు కూడా అంత తేలిగ్గా దొరకడు, వాడికీ మంచి ధరే ఉంటుంది. పోలిక కారు డిక్కీలో ఉండే స్టెప్నీతో. కనీస జీతానికి ఫోన్ చెయ్యగానే విమానం ఎక్కి వచ్చేవాడు, మైనర్ లీగ్ పై అంచెలో ఏళ్ళ తరబడి ఆడుతున్నవాడు, వేరే జట్టు వదిలేస్తే ఏరుకునేవాడు. బండి ఆగకుండా నడుస్తుంది, అంతే. దూరప్రయాణానికి పనికిరాదు.

ఇప్పుడు లెక్క. మేజర్ లీగ్‌లో 30 జట్లు, ఒక్కో జట్టుకి సీజన్‌లో 162 ఆటలు. అన్నీ సగటుగా ఆడితే జట్టుకి 81 గెలుపులు. జట్టు మొత్తాన్నీ స్టెప్నీలతో నింపితే? బేస్‌బాల్ రిఫరెన్స్, ఫ్యాన్‌గ్రాఫ్స్ అనే రెండు పెద్ద గణాంకాల సైట్లు ఒకప్పుడు దీన్ని వేరువేరుగా లెక్కేసేవి. 2013లో రెండూ ఒక ఒప్పందానికి వచ్చాయి: అలాంటి జట్టు నూటికి 29.4 ఆటలు గెలుస్తుంది. అంటే 162లో 48. సున్నా కాదు, 48! మేజర్ లీగ్‌లో తొలి 48 గెలుపులు దాదాపు ఉచితం. కోట్ల డాలర్లు పోసి కొనేదంతా ఆ పైన వచ్చేదాన్నే. పది పరుగులు అదనంగా తెచ్చినా, పది పరుగులు ఆపినా సుమారు ఒక గెలుపుతో సమానమని ఇంకో మోటు లెక్క.

ఈ 48 అనేది ఊహాజగత్తులో అంకె అనుకునేవాణ్ణి. 2024లో షికాగో వైట్ సాక్స్ 41 గెలిచి 121 ఓడింది. ఆధునిక యుగంలో ఒక సీజన్‌లో అన్ని ఓటములు ఇంకెవరికీ లేవు. అంటే జీతాలిచ్చి పోషించిన జట్టు, కాగితం మీద స్టెప్నీల జట్టుకన్నా ఏడు ఆటలు తక్కువ గెలిచింది. ఇదెలా సాధ్యమంటే, జట్లు ఎప్పుడూ లెక్క ప్రకారం నడుచుకోవు. ఎదుగుతాడని కుర్రాణ్ణి ఓర్చుకుంటాయి, ఎక్కువ డబ్బు పెట్టి కొన్నామని ముసలివాణ్ణి ఓర్చుకుంటాయి. స్టెప్నీ అందుబాటులో ఉన్నా పంక్చరైన టైరుతోనే పోతుంటాయి.

అంత చవకగా అంతమంది ఎందుకు దొరుకుతారు? ఒక్కో మేజర్ లీగ్ జట్టు కింద నాలుగేసి మైనర్ లీగ్ జట్లున్నాయి, మొత్తం 120. పైన చోటు 26 మందికే, అంటే లీగ్ మొత్తానికి 780. ప్రతిభ గుట్టలాంటిది, శిఖరం మీద ఒకరిద్దరే ఉంటారు, కిందికి దిగేకొద్దీ జనం పెరుగుతారు. ఒకటో ఆటగాడికీ ఇరవయ్యో ఆటగాడికీ మధ్య ఉన్న దూరం కంటికి కనిపిస్తుంది. 780వ వాడికీ 850వ వాడికీ మధ్య దూరం కొలవాలంటే భూతద్దం కావాలి. చాలాసార్లు ఎవడు పైన ఉంటాడు, ఎవడు కింద ఉంటాడన్నది గాయమో, ఎడమచేతి వాటమో, కోచ్ అభిమానమో తేలుస్తుంది. ఈ మధ్య సీజన్లలో 780 చోట్లలో ఏటా 1,400 మందికి పైగా ఆడుతున్నారంటే చూడండి, ఎంతమంది వస్తూ పోతూ ఉన్నారో.

కాబట్టి అడుగున ఉన్నవాళ్ళ సంగతి తేలిపోయింది. శిఖరం మీద ఉన్నవాడి సంగతేమిటి? లెక్క ప్రకారం అతనికి బదులు లేదు. అయితే ఇక్కడ ఒక తమాషా ఉంది.

మైక్ ట్రౌట్‌ని తీసుకోండి. 2012లో అతని తొలి పూర్తి సీజన్‌లోనే వార్ 10 దాటింది. అంత మంచి సీజన్లు చరిత్ర మొత్తంలో కొన్నే. ఆ ఏడు మోస్ట్ వాల్యుబుల్ ప్లేయర్ అవార్డు మాత్రం డెట్రాయిట్ ఆటగాడు మిగెల్ కబ్రేరాకి ఇచ్చారు. సగటు, హోమ్ రన్స్ (మన సిక్సర్ లాంటివి), ఆర్‌బీఐ (తన దెబ్బతో జట్టుకి తెచ్చిన పరుగులు) మూడింట్లోనూ అతనే ఫస్ట్. 1967 తర్వాత ఎవరికీ అందని ట్రిపుల్ క్రౌన్. ట్రౌట్ వైపువాళ్ళు వార్ చూపించారు. పరుగెత్తడం, సెంటర్ ఫీల్డ్‌లో క్యాచ్‌లు పట్టడం మీ మూడు అంకెల్లో ఎక్కడున్నాయని అడిగారు. అవతలివాళ్ళు, కబ్రేరా జట్టు ప్లేఆఫ్స్‌కి వెళ్ళింది కదా అన్నారు. వెళ్ళింది, 88 గెలుపులతో. ట్రౌట్ జట్టు ఏంజెల్స్ 89 గెలిచి కూడా వెళ్ళలేదు, వాళ్ళ డివిజన్, అంటే వాళ్ళున్న గ్రూపు, గట్టిది. పాతవాళ్ళకీ కొత్తవాళ్ళకీ మధ్య ఆ చర్చ ఇప్పటికీ చల్లారలేదు.

తర్వాత ట్రౌట్‌కి ఆ అవార్డు మూడుసార్లు వచ్చింది. 2019లో 12 ఏళ్ళకి 42.65 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్నాడు. 2018 నుంచి 2023 దాకా అదే జట్టులో షోహే ఓతాని కూడా ఉన్నాడు. పిచింగూ, బ్యాటింగూ రెండూ ఆ స్థాయిలో చేసే మనిషి బేబ్ రూత్ తర్వాత లేడు. తరంలో ఒక్కడు పుట్టేలాంటివాళ్ళు ఇద్దరు ఒకే డగౌట్‌లో ఆరేళ్ళు కూర్చున్నారు. ఆ ఆరేళ్ళలో ఏంజెల్స్ ఒక్క సీజన్‌లో కూడా ఓటములకన్నా ఎక్కువ ఆటలు గెలవలేదు.

క్రికెట్ చూసి పెరిగిన మనకి ఇది మింగుడుపడదు. 2001లో ఈడెన్‌లో లక్ష్మణ్ 281 కొడితే మ్యాచే తిరగబడింది. ఒక బ్యాటర్ నిలబడితే రోజంతా ఆడొచ్చు, ఎదురు ఎండ్‌లో ఎవడున్నా లాగించెయ్యొచ్చు. బేస్‌బాల్‌లో ఆ వీల్లేదు. తొమ్మిది మంది వరసలో వస్తారు. హోమ్ రన్ కొట్టినా సరే, మిగతా ఎనిమిది మందీ అయ్యాకే మళ్ళీ నీ వంతు. ఆటకి నాలుగైదుసార్లు, అంతే. స్టార్టింగ్ పిచ్చర్ అయితే ఐదారు రోజులకొకసారి వస్తాడు. అందుకే 10 వార్ ఉన్న దేవుడు కూడా 48 గెలిచే జట్టుని 58 దగ్గరికి చేరుస్తాడు. 58 గెలిచిన జట్టు అక్టోబర్‌లో ప్లేఆఫ్స్ జరుగుతుంటే ఇంట్లో కూర్చుని టీవీ చూస్తుంది.

మరైతే ఆ ధర ఎందుకు? 2023 డిసెంబర్‌లో డాడ్జర్స్ ఓతానికి 70 కోట్ల డాలర్లు రాసిచ్చింది, అందులో 68 కోట్లు తర్వాత ఇచ్చేట్టు. ఏడాది తిరక్కుండా మెట్స్ హువాన్ సోటోకి 15 ఏళ్ళకి 76.5 కోట్లు. అభిమానం, టికెట్లు, జపాన్‌లో చొక్కాల అమ్మకం లాంటివి ఒక కారణం. ఇంకో కారణం కుర్చీల కొరత. మైదానంలో తొమ్మిది చోట్లే ఉన్నాయి. రెండేసి గెలుపులు తెచ్చే ఐదుగుర్ని కొంటే ఐదు చోట్లు నిండిపోతాయి. పది గెలుపులు తెచ్చేవాడు ఒక్కచోటే ఆక్రమిస్తాడు, మిగిలిన నాలుగు చోట్లలో ఇంకెవర్నైనా పెట్టుకోవచ్చు. ఇళ్ళ స్థలాల ధరలు ఎరిగినవాళ్ళకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు.

ఎవరికి బదులు దొరుకుతారన్నది ఆడే స్థానాన్ని బట్టి కూడా మారుతుంది. ఫస్ట్ బేస్‌లో నిలబడగలిగేవాళ్ళు కొల్లలు. సెకండ్, థర్డ్ బేస్‌ల మధ్య కాసే షార్ట్‌స్టాప్ చేసేవాళ్ళు తక్కువ. మన వికెట్‌కీపర్ లాంటి క్యాచర్లు మరీ తక్కువ. సీజన్ మొత్తం గొంతుక్కూర్చుని, గంటకి 95 మైళ్ళ బంతులు పడుతూ, పిచ్చర్ల మూడ్‌లు భరిస్తూ, మళ్ళీ బ్యాట్ పట్టుకోవాలి. ఫ్యాన్‌గ్రాఫ్స్ లెక్కలో క్యాచర్‌కి సీజన్‌కి 12.5 పరుగులు ఊరికే కలుపుతారు, ఫస్ట్ బేస్‌మన్‌కి 12.5 తీసేస్తారు. 1925లో న్యూయార్క్ యాంకీస్ ఫస్ట్ బేస్‌మన్ వాలీ పిప్‌ని పక్కన పెట్టి లూ గెరిగ్ అనే కుర్రాణ్ణి దించితే అతను వరసగా 2,130 ఆటలు ఆడాడు. పిప్‌కి తలనొప్పి వచ్చి ఆ రోజు సెలవు అడిగాడన్న కథ బాగా చెప్తారు, నమ్మనక్కర్లేదు. నమ్మాల్సింది ఇంకొకటుంది: 1939లో జబ్బు వల్ల గెరిగ్ తప్పుకున్న రోజు అతని బదులు బేబ్ డాల్‌గ్రెన్ దిగాడు, యాంకీస్ 22-2తో గెలిచింది. ఆ ఏడు ఛాంపియన్లూ వాళ్ళే.

గెరిగ్ లేకపోయినా గెలిచారంటే గెరిగ్ అక్కర్లేదని అర్థమా? ఓక్లండ్ అథ్లెటిక్స్ కథ చెప్పేవాళ్ళు చేసే పొరపాటు సరిగ్గా ఇదే. 2001లో 102 ఆటలు గెలిచిన ఆ జట్టు నుంచి జేసన్ జియాంబీ, జానీ డేమన్, ముగింపు పిచ్చర్ ఇస్రింగ్‌హౌసన్ ముగ్గురూ డబ్బున్న జట్లకి వెళ్ళిపోయారు. జనరల్ మేనేజర్ బిల్లీ బీన్ చవకగా దొరికేవాళ్ళని తెచ్చి 2002లో 103 గెలిపించాడు. జియాంబీని కొనుక్కున్న యాంకీస్ కూడా అదే 103. ఎవరైనా ఒకటే, లెక్క వస్తే చాలు అన్న నమ్మకం అప్పటినుంచి ఊరూరా పాకింది. కానీ ఆ ఓక్లండ్‌లో ఆ ఏడు లీగ్ ఉత్తమ ఆటగాడు మిగెల్ తెహాదా ఉన్నాడు, ఉత్తమ పిచ్చర్ బ్యారీ జీటో ఉన్నాడు, వాళ్ళకి తోడు పిచ్చర్లు హడ్సన్, మల్డర్ ఉన్నారు. వాళ్ళెవరికీ బదులు లేరు. వాళ్ళు చవకగా ఎందుకు దొరికారన్నది అసలు ప్రశ్న. దానికి జవాబు ప్రతిభలో దొరకదు, రూల్ బుక్‌లో దొరుకుతుంది.

అమెరికాలో ప్లంబరైనా, ప్రోగ్రామరైనా నచ్చకపోతే పక్క కంపెనీకి పోవచ్చు. బేస్‌బాల్ ఆటగాడికి చాలాకాలం ఆ హక్కు లేదు. ఒప్పందంలో రిజర్వ్ క్లాజ్ అని ఉండేది. ఒకసారి సంతకం పెడితే జట్టు ఉంచుకున్నన్నాళ్ళు ఉండాలి, అమ్మేస్తే అమ్మినచోటికి పోవాలి. 1969లో కర్ట్ ఫ్లడ్‌ని సెయింట్ లూయిస్ నుంచి ఫిలడెల్ఫియాకి మార్చేస్తే, పోనని కోర్టుకెక్కాడు. 1972లో సుప్రీంకోర్టులో 5-3తో ఓడిపోయాడు. అతని కెరీర్ ముగిసింది. 1975 చివర్లో మెసర్‌స్మిత్, మెక్‌నాలీ అనే ఇద్దరు పిచ్చర్ల కేసులో ఆర్బిట్రేటర్ పీటర్ సైట్జ్ తీర్పుతో ఆ క్లాజ్ కూలింది. మార్విన్ మిల్లర్ 1966లో ఆటగాళ్ళ యూనియన్ పగ్గాలు పట్టినప్పుడు కనీస జీతం ఏడాదికి 6,000 డాలర్లు. 2025లో 7,60,000. సగటు 40 లక్షలు దాటింది.

ఇప్పుడు కూడా పూర్తి స్వేచ్ఛ ఆరేళ్ళ సర్వీసు తర్వాతే. మొదటి మూడేళ్ళూ జట్టు ఇచ్చిందే జీతం. తెహాదా, జీటో చవకగా దొరికింది అందుకే. ఈ రూల్‌తో ఎలాంటి ఆటలు ఆడొచ్చో 2015లో షికాగో కబ్స్ చూపించింది. ప్రాక్టీస్ ఆటల్లో తొమ్మిది హోమ్ రన్స్ కొట్టిన క్రిస్ బ్రయంట్‌ని ఇంకా రెడీ కాలేదని మైనర్ లీగ్‌కి పంపి, ఏప్రిల్ 17న పిలిచింది. 172 రోజులు ఉంటే ఒక సంవత్సరం సర్వీసు కింద లెక్క. అతనికి 171 వచ్చాయి. ఒక్క రోజు తక్కువ చేసి ఒక ఏడాది మిగుల్చుకున్నారు. అతను ఫిర్యాదు చేశాడు, 2020లో ఓడిపోయాడు. బదులు దొరకని మనిషి చేతికి బదులు దొరికే మనిషి జీతం ఇవ్వడం, అదీ పద్ధతి ప్రకారం.

కింది అంచెలో ఇంకా ఘోరం. మైనర్ లీగ్ ఆటగాళ్ళకి 2022 దాకా యూనియనే లేదు. 2023లో తొలి ఒప్పందం కుదిరాక మైనర్ లీగుల్లో పై అంచె అయిన ట్రిపుల్ ఏలో కనీస జీతం ఏడాదికి 35,800 డాలర్లయింది. ఆ మెట్టు మీంచి ఒక్క అడుగు పైకేస్తే ఇరవై రెట్లు. ఆ ఒక్క అడుగు దూరంలో వందలమంది నిలబడి ఉండటమే పైనున్న స్టెప్నీల ధరని కిందకి లాగి పట్టుకుంటుంది.

పిచ్చర్ల సంగతికొస్తే, వాళ్ళని ఆటే ఒక పద్ధతి ప్రకారం స్టెప్నీలుగా మార్చేసింది. 1970ల మధ్యలో ఒక పిచ్చరే ఆటంతా వేసి ముగించిన సందర్భాలు ఏడాదికి వెయ్యికి పైగా ఉండేవి. 2024లో 28. ఎందుకంటే బ్యాటర్ అదే పిచ్చర్‌ని మూడోసారి చూసేసరికి బాగా కొడతాడని లెక్కల్లో తేలింది. కాబట్టి ఒళ్ళు దాచుకోకుండా గట్టిగా విసురు, అలిసిపోగానే ఇంకొకడొస్తాడు అన్నారు. సగటు ఫాస్ట్‌బాల్ వేగం 94 మైళ్ళు దాటింది. మోచేతి లిగమెంటు దానికి తట్టుకోదు. 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ టామీ జాన్ అనే పిచ్చర్‌కి చేసిన ఆపరేషన్, అతని పేరుతోనే పిలిచేది, ఇప్పుడు మేజర్ లీగ్ పిచ్చర్లలో దాదాపు మూడోవంతు మంది చేయించుకున్నారు. మోచెయ్యి పోతే ట్రిపుల్ ఏ నుంచి ఇంకో మోచెయ్యి వస్తుంది. ఏరు దాటాక తెప్ప తగలేసినట్టు కూడా కాదు, ఏట్లో ఉండగానే తెప్పలు మారుస్తున్నారు.

టెక్సస్ రేంజర్స్ పిచ్చర్ కుమార్ రాకర్ కథ ఇందుకు ఉదాహరణ. తల్లి లలిత భారతీయ సంతతి, ఆ పేరు అక్కణ్ణుంచే. 2021లో జట్లు కొత్త కుర్రాళ్ళని వరసగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మెట్స్ అతన్ని పదో స్థానంలో ఎంచుకుని, మెడికల్ రిపోర్టులు చూసి వెనక్కి తగ్గింది. మరుసటేడు మేజర్ లీగ్ జట్లతో సంబంధం లేని ఒక చిన్న జట్టులో కొన్ని ఆటలు ఆడి, మళ్ళీ డ్రాఫ్ట్‌కి వచ్చి మూడో స్థానంలో రేంజర్స్‌కి వెళ్ళాడు. 2023లో అదే టామీ జాన్ ఆపరేషన్. 2024 సెప్టెంబర్‌లో ఎట్టకేలకి మేజర్ లీగ్‌లో బంతి వేశాడు. (రేంజర్స్ ఉన్న ఆర్లింగ్టన్ పక్కనే గ్రాండ్ ప్రెయిరీ. 2024 టీ20 వరల్డ్ కప్‌లో అమెరికా పాకిస్తాన్‌ని సూపర్ ఓవర్లో ఓడించిన స్టేడియం, డాలస్ తెలుగువాళ్ళకి బాగా తెలిసిందే. అది ఒకప్పుడు ఎయిర్‌హాగ్స్ అనే చిన్న బేస్‌బాల్ జట్టు మైదానం. ఆటగాళ్ళే కాదు, ఆటలు కూడా మారిపోతుంటాయి.)

ఇంతవరకూ ఒక్కొక్కరి గురించే మాట్లాడుకున్నాం. అందర్నీ ఒకేసారి మార్చేస్తే జనం చూస్తారా? చరిత్రలో ఈ ప్రయోగం రెండుసార్లు జరిగింది, రెండు వేరువేరు జవాబులొచ్చాయి.

మొదటిది రెండో ప్రపంచ యుద్ధం. యుద్ధంలో ఆటలు ఆడటం సబబేనా అని బేస్‌బాల్ కమిషనర్ లాండిస్ 1942 జనవరిలో ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్‌ని అడిగాడు. ఆడండి, వయసు మళ్ళినవాళ్ళు దిగి ఆట నాణ్యత తగ్గినా జనాదరణ తగ్గదు అని ఆయన జవాబు రాశాడు. పెద్ద పెద్ద ఆటగాళ్ళు సైన్యంలోకి వెళ్ళారు. 1944లో సిన్సినాటి జట్టు జో నక్స్‌హాల్ అనే పదిహేనేళ్ళ కుర్రాడితో బంతి వేయించింది. అతను ఒక ఇన్నింగ్ కూడా పూర్తి చెయ్యలేక ఐదు పరుగులిచ్చాడు. 1945లో సెయింట్ లూయిస్ బ్రౌన్స్‌కి పీట్ గ్రే 77 ఆటలు ఆడాడు. అతనికి కుడి చెయ్యి లేదు. అయినా 1945లో స్టేడియాలకి వచ్చిన జనం అప్పటిదాకా ఉన్న రికార్డుని దాటారు. రూజ్‌వెల్ట్ అన్నది నిజమైంది.

ఇక్కడ ఒక మాట అనకుండా ముందుకి పోలేను. ఒంటిచేతి మనిషినీ, పదిహేనేళ్ళ పిల్లాణ్ణీ వెతికి తెచ్చిన ఆ రోజుల్లోనే సాచెల్ పేజ్, జాష్ గిబ్సన్ అదే దేశంలో నీగ్రో లీగ్స్‌లో ఆడుతున్నారు. నల్లవాళ్ళు కాబట్టి వాళ్ళని పిలవలేదు. బదులు ఎవరూ లేరన్న మాట చాలాసార్లు, మేం చూడదల్చుకోని వైపు ఎవరూ లేరని. 1947 ఏప్రిల్ 15న నల్ల ఆటగాడు జాకీ రాబిన్సన్ బ్రూక్లిన్ తరఫున దిగేదాకా తెల్ల ఆటగాళ్ళ కుర్చీలకి ఆ గోడ కాపలా ఉంది. గిబ్సన్ అదే జనవరిలో చనిపోయాడు. 2024లో మేజర్ లీగ్ ఆ లీగుల లెక్కల్ని కూడా రికార్డుల్లో కలిపినప్పుడు కెరీర్ సగటులో అందరికన్నా పైన గిబ్సన్ పేరు వచ్చింది. అన్నేళ్ళుగా అక్కడున్న పేరు టై కాబ్.

రెండో ప్రయోగం 1995. జీతాల మీద పరిమితి పెడతామని యజమానులు పట్టుబట్టడంతో 1994 ఆగస్టు 12న ఆటగాళ్ళు సమ్మెకి దిగారు. ఛాంపియన్‌ని తేల్చే వరల్డ్ సిరీస్ 1904 తర్వాత మొదటిసారి జరగలేదు. 1995 వసంతంలో యజమానులు బదులు ఆటగాళ్ళని పోగుచేశారు. ఆట మానేసి ఉద్యోగాలు చూసుకుంటున్నవాళ్ళు, మైనర్ లీగుల్లో ఎదుగూ బొదుగూ లేనివాళ్ళు వచ్చారు. లెక్క ప్రకారం ఇదంతా సవ్యమే, అందరూ స్టెప్నీలైతే పోటీ సమానమే కదా! కానీ ఆ ప్రాక్టీస్ ఆటల్లో స్టాండ్స్ ఖాళీగా ఉన్నాయి. టైగర్స్ మేనేజర్ స్పార్కీ ఆండర్సన్ వీళ్ళతో పనిచెయ్యనని ఇంటికెళ్ళిపోయాడు. బాల్టిమోర్ యజమాని ఏంజెలోస్ బదులు జట్టునే పెట్టనన్నాడు. గెరిగ్ 2,130 రికార్డుకి చేరువలో ఉన్న కాల్ రిప్కెన్ అతని జట్టువాడు, ఆట జరిగి రిప్కెన్ ఆడకపోతే ఆ వరస తెగిపోయేది. కెనడాలోని టొరాంటో జట్టుకి ఇంకో చిక్కు. సమ్మె కాలంలో బదులు పనివాళ్ళని పెట్టడం అక్కడి ఒంటారియో చట్టం అప్పట్లో ఒప్పుకోదు, హోమ్ ఆటలు ఫ్లోరిడాలో ఆడాల్సిన పరిస్థితి.

1945లో వచ్చిన జనం 1995లో ఎందుకు రాలేదు? నాణ్యత తేడా పెద్ద కారణం అనుకోను. పీట్ గ్రే పక్కన నిలబెడితే 1995 వాళ్ళు మెరుగే. అప్పుడు అసలువాళ్ళు ఎక్కడికి వెళ్ళారో, ఎందుకు వెళ్ళారో చూసేవాళ్ళకి తెలుసు, తిరిగొస్తారనీ తెలుసు. ఖాళీ కుర్చీని కాపాడుతున్నవాడు గ్రే. 1995లో వచ్చినవాళ్ళు కుర్చీలోంచి మనిషిని లేపడానికి వచ్చినవాళ్ళు. మార్చి 31న న్యూయార్క్‌లో సోనియా సోటోమయోర్ అనే ఫెడరల్ జిల్లా జడ్జి యజమానులకి వ్యతిరేకంగా ఉత్తర్వు ఇచ్చింది. రెండు రోజుల్లో సమ్మె ముగిసింది. బదులు ఆటగాళ్ళు ఒక్క అసలు ఆట కూడా ఆడకుండానే ఇళ్ళకి పోయారు. ఆ ఏడు ఆటకి వచ్చే జనం సగటున ఇరవై శాతం పడిపోయారు. ఆ జడ్జి తర్వాత సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయింది.

యజమానులకీ ఆటగాళ్ళ యూనియన్‌కీ మధ్య కుదిరే ఒప్పందాల గొలుసులో ఇప్పుడు నడుస్తున్నదాని గడువు 2026 డిసెంబర్ 1.

ఆ వసంతంలో బదులు ఆటగాళ్ళుగా దిగినవాళ్ళలో కెవిన్ మిల్లార్ ఒకడు. డ్రాఫ్ట్‌లో ఎవరూ ఎంచుకోని కుర్రాడు. తర్వాత సొంతంగా మేజర్ లీగ్‌కి ఎదిగాడు, కానీ సమ్మెని కాదని ఆడటానికి వచ్చినవాణ్ణి యూనియన్ ఎప్పటికీ చేర్చుకోలేదు. 2004 అక్టోబర్‌లో అతను బాస్టన్ రెడ్ సాక్స్‌లో ఉన్నాడు. యాంకీస్ మీద మూడు ఆటలు వరసగా ఓడి, నాలుగో ఆట తొమ్మిదో ఇన్నింగ్‌లో ఒక పరుగు వెనకబడి ఉన్నారు. అవతల మరియానో రివేరా, చరిత్రలో అంతటి ముగింపు పిచ్చర్ లేడంటారు. మిల్లార్ ఓపికపట్టి గురి తప్పిన నాలుగు బంతులు వదిలేసి, రూల్ ప్రకారం ఊరికే ఫస్ట్ బేస్‌కి చేరాడు. వెంటనే మేనేజర్ అతన్ని తీసేసి, వేగంగా పరుగెత్తే డేవ్ రాబర్ట్స్‌ని బదులు దించాడు. రాబర్ట్స్ సెకండ్ బేస్ దొంగిలించాడు, అంటే దెబ్బ పడకుండానే పరుగెత్తి చేరాడు, తర్వాతి దెబ్బకి స్కోరు సమమైంది, పన్నెండో ఇన్నింగ్‌లో ఆట గెలిచారు. ఆ ఆటతో కలిపి వరసగా ఎనిమిది గెలిచి, 1918 తర్వాత మొదటిసారి బాస్టన్ ఛాంపియన్ అయింది. ఊళ్ళో అమ్మిన స్మారక చొక్కాల మీద ఆటగాళ్ళ పేర్లు అచ్చు వేశారు. యూనియన్ లైసెన్సు ఉన్న ఆ చొక్కాల మీద మిల్లార్ పేరు లేదు.